ఓ చెవిన ఇంగ్లిష్ బ్యాండ్, ఓ చెవిన కాశీ సంగీతం.. ముత్తుస్వామి దీక్షితార్ తొలి అడుగులు ఇలా..

'వాతాపి గణపతిం' కీర్తన వినని తెలుగువాళ్లు తక్కువే. కచేరీల్లో, సినిమాల్లో, పెళ్లి సన్నాయిలో ఎక్కడో ఓ చోట చెవిన పడే ఉంటుంది. దాన్ని రచించింది ముత్తుస్వామి దీక్షితార్. ఆ కీర్తన ఉన్న హంసధ్వని రాగాన్ని రూపొందించింది ఆయన తండ్రి రామస్వామి దీక్షితారేనని చెబుతారు. ఇంట్లోనే ఇంత సంగీతం ఉంది. అయినా ఆ కుర్రాడు ఇంటి పాటతో ఆగిపోలేదు.

దీక్షితార్ 1775లో తమిళనాడులోని తిరువారూర్‌లో పుట్టారు. త్యాగరాజు, శ్యామశాస్త్రి పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. అంటే కర్ణాటక సంగీత త్రిమూర్తులు ముగ్గురిదీ ఒకే ఊరన్నమాట!

తర్వాత ఆ కుటుంబం మద్రాసు దగ్గరున్న మణలికి మారింది. అక్కడ వాళ్లను ఆదరించిన వెంకటకృష్ణ మొదలియార్ ఈస్టిండియా కంపెనీలో దుబాసీ. ఆయన వెంట సెయింట్ జార్జ్ కోటకు వెళ్లిన అన్నదమ్ములకు ఇంగ్లిష్ బ్యాండ్ సంగీతం పరిచయమైంది. మనవాళ్లు పాడే గమకాలు అందులో లేవు. స్వరాలన్నీ తిన్నగా నడిచిపోతాయి. దీక్షితార్ దాన్ని పరాయి సంగీతమని పక్కన పెట్టలేదు. అలాంటి ట్యూన్లకు సంస్కృతంలో సాహిత్యం రాశారు. దాదాపు 40 దాకా ఉన్న ఆ చిన్న పాటలే నొట్టుస్వరాలు. వాటిలో ఒకటి ఏకంగా బ్రిటిష్ రాజగీతం ట్యూన్‌లోనే ఉంటుంది!

తమ్ముడు బాలుస్వామి ఇంకో అడుగు ముందుకేశారు. వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ అరుదు.

అదే మణలిలో చిదంబరనాథ యోగి కంట పడ్డారు ముత్తుస్వామి. ఆయన వెంట కాశీ వెళ్లి కొన్నేళ్లు ఉండిపోయారు. రైళ్లు లేని కాలంలో అదేం చిన్న ప్రయాణం కాదు. అక్కడ విన్న హిందుస్తానీ సంగీతం ఆయన్ను వదల్లేదు. ద్విజావంతి, యమునాకల్యాణి లాంటి రాగాల్లో చేసిన కీర్తనల్లో ఆ ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది.

తిరిగొచ్చాక తొలి కృతి తిరుత్తణిలో పుట్టింది. అక్కడి సుబ్రహ్మణ్యస్వామి పేరు మీదే గురుగుహ అనే ముద్ర పెట్టుకున్నారు. ఆ తర్వాత కంచి, తిరువారూర్.. ఇలా గుడి గుడికీ తిరుగుతూ కృతులు కట్టారు. కమలాంబా నవావరణ కీర్తనలు, వారానికి ఏడు రోజుల గ్రహాల మీద కృతులు అలా వచ్చినవే.

1835 దీపావళి రోజున ఎట్టయపురంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆ పాటలు ఎక్కువగా శిష్యుల, కుటుంబీకుల నోళ్లలోనే ఉన్నాయి. వాళ్లు మరిచిపోతే అంతే సంగతులు!

ఆ ముప్పు తప్పించింది బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితార్. కుటుంబంలో దాచుకున్న విద్యను బయటపెట్టడానికి మొదట వెనకాడినా, చివరికి 200కు పైగా దీక్షితార్ కృతులను స్వరాలతో సహా అచ్చు వేయించారు. 1904లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. తమిళనాడులో అచ్చయిన ఆ గ్రంథం ఏ భాషలో ఉందో తెలుసా? తెలుగులోనే!