పసిపిల్లల కిడ్నీ కణితికి పేరైన వైద్యుడు డాక్టర్ మాక్స్ విల్మ్స్

చిన్నపిల్లల కిడ్నీలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ‘విల్మ్స్ ట్యూమర్’. ఆ పేరు వెనుక ఉన్న మహనీయుని జీవితం మనమంతా తెలుసుకోదగినది.

మాక్స్ విల్మ్స్ 1867 నవంబర్ 5న పశ్చిమ జర్మనీలోని హ్యూన్స్‌హోవెన్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది. వైద్యం చదివి 1890లో బాన్ నగరంలో డాక్టరు పట్టా పొందారు. తర్వాత కొన్నేళ్లు పాథాలజీ విభాగాల్లో మైక్రోస్కోపు కింద కణితులను పరిశీలించారు. 1897లో లైప్‌జిగ్ వెళ్లి ప్రఖ్యాత సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ దగ్గర పనిచేశారు.

అంతకుముందే కొందరు వైద్యులు ఈ కణితిని చూశారు. కానీ కిడ్నీ కణితిలో కండరం వంటి పదార్థం ఎందుకుంటుందో తేలలేదు. విల్మ్స్ పాత కేసులన్నీ సేకరించి, తాను చూసిన ఏడుగురు పిల్లల వివరాలు జోడించి 1899లో గ్రంథం ప్రచురించారు. బిడ్డ తల్లి గర్భంలో ఉన్నప్పుడు పూర్తిగా ఎదగని కణాల నుండే ఈ కణితి పుడుతుందని వివరించారు. కనుక ఇది దిష్టి వల్లో, తల్లి పెంపకంలో లోపం వల్లో వచ్చేది కాదు.

1907లో బాసెల్‌లో, 1910లో హైడెల్‌బర్గ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఫ్రెంచి అధికారి ఖైదీగా ఉండి డిఫ్తీరియాతో ఊపిరాడక బాధపడుతుంటే, శత్రువని చూడక ఆపరేషన్ చేశారు. ఖైదీ బతికాడు. ఆ జబ్బే సోకి విల్మ్స్ 1918 మే 14న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లే.

ఆయన కాలంలో ఆపరేషన్ చేసినా ఎక్కువమంది పిల్లలు దక్కేవారు కాదు. తర్వాత రేడియేషన్ వచ్చింది. 1950లలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ యాక్టినోమైసిన్-డి అనే మందు వాడారు. అంతకుముందు ఈ ఫార్బరే మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన మందును బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. నేడు సకాలంలో మంచి వైద్యం అందిన చోట ఈ కిడ్నీ కణితి ఉన్న పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఇది ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. స్నానం చేయించేటప్పుడు పొట్టలో ఒకపక్క గట్టిగా గడ్డ తగులుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు. అందుకే నులిపురుగులనో, పిల్లవాడు ఒళ్లు చేశాడనో ఊరుకుంటారు. కొందరికి మూత్రంలో రక్తం, జ్వరం, బి.పి. కూడా ఉండవచ్చు. అటువంటి పొట్టను నొక్కడం, నూనెతో మర్దనా చేయడం కూడదు. లోపల కణితి చిట్లే ప్రమాదం ఉంది. వెంటనే పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేయించాలి. సాధారణంగా కణితి ఉన్న కిడ్నీని తీసివేసి, కీమోథెరపీ ఇస్తారు. కొందరికి ముందే మందులిచ్చి కణితిని కుదిస్తారు. కొందరికి రేడియేషన్ అవసరమవుతుంది. మిగిలిన ఒక్క కిడ్నీతో బిడ్డ హాయిగా పెరుగుతాడు.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలు మన అమ్మలకు, అక్కలకు, వదినలకు చెబుదాం. అంగన్‌వాడీ టీచరు చెవిన కూడా వేద్దాం. గడ్డను ముందుగా గుర్తిస్తే ఒక పసిప్రాణం నిలుస్తుంది. విల్మ్స్ గారికి మనం అర్పించగల నివాళి అదే.