ప్రజల జయధ్వానము: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితము

సభలో ఒకరి పేరు ప్రతిపాదింపగనే జనులందరును చప్పట్లు చరచి, జయము పలికి, ఆయననే పెద్దగా నిలుపుకొనుట మన గ్రామములకు క్రొత్త గాదు. రచ్చబండకడ తగవు తీర్చు పెద్దమనిషిని నిలుపుకొన్నను, గుడి ఉత్సవమునకు ధర్మకర్తను కోరుకొన్నను, గ్రంథాలయమునకు అధ్యక్షుని ఎన్నుకొన్నను తరచుగా జరుగునది ఇదియే. చీటీలు లేవు, లెక్కలు లేవు. పదిమంది గొంతుకయే ప్రమాణము.

ఇతర దేశములందును ఈ పద్ధతి కలదు. ప్రాచీన గ్రీసు దేశమున స్పార్టా నగరవాసులు తమ వృద్ధసభకు సభ్యులను కేకలతోనే ఎన్నుకొనెడివారట. అభ్యర్థులు ఒకరి వెనుక ఒకరు సభలో నడచిపోవుచుండగా, ప్రక్కయింట తలుపులు మూసికొని కూర్చున్న తీర్పరులు ఎవరికి ఎక్కువ కేక వినవచ్చెనో వ్రాసికొనెడివారు. అరిస్టాటిల్ మహాశయుడు ఇది పిల్లల ఆటవలె నున్నదని తీసివేసెను. స్విట్జర్లాండులోని కొన్ని సీమలలో నేటికిని ప్రజలు ఏడాదికొకసారి మైదానమున గుమిగూడి చేతులెత్తి నాయకులను ఎన్నుకొందురు.

ఇంతకును జయధ్వానమునకు విలువ ఎంత? కేక వేయుట సులభము. ఆ కేకకు తగిన కష్టము పడుట సులభమా? ఈ ప్రశ్నకు మన సీమలోనే సమాధానము కలదు. అది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితము.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన మూడవనాడే తల్లియు, మూడవయేట తండ్రియు గతించిరి. పినతండ్రియు నాయనమ్మయు ఆ బిడ్డను పెంచిరి. ఆయన బాల్యవిద్య కొంత మన నిజాంపట్నమునకు చేరువనున్న కూచినపూడిలో జరిగినదన్న సంగతి మనకు గర్వకారణము. పిదప గుంటూరులో చదివిరి. పాటలమీదను నాటకములమీదను మక్కువ చేత పరీక్ష తప్పి, తరువాత బాపట్లలో చదివి నెగ్గిరి. అక్కడి తాలూకా కచేరిలో ఒక సంవత్సరము గుమాస్తా కొలువు చేసిరి. ఆ కుర్చీ ఆయనను పట్టి నిలుపలేకపోయెను. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితో కలసి ఓడయెక్కి స్కాట్లాండుకు పోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి.

సీమచదువు ఆయనను దొరను చేయలేదు. ఆనంద కుమారస్వామిగారితో కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలో వెలువడెను. స్వదేశమునకు వచ్చి కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసి, తుదకు చీరాలలో స్థిరపడి, ఆంధ్ర విద్యాపీఠగోష్ఠిని నెలకొల్పిరి. శ్రీరామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును కూర్చిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నుదుట బొట్టు ధరించిన ఆ దండు 1921 మార్చి నెలాఖరున బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశములో వేలాది జనమును క్రమముగా నడపి, చూచినవారి మెప్పు వడసెను.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల గ్రామములు నేతపనివారికి నెలవులు. 1919లో ప్రభుత్వము ఈ రెండింటిని కలిపి మునిసిపాలిటీగా చేసెను. అంతకుముందు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. మగ్గము ఆడిననాడు తిండి, ఆడనినాడు పస్తు. అట్టి సంసారములమీద ఇంతటి భారము పడెను. ఊరికి మునిసిపాలిటీ వలదని ప్రజలు మొరపెట్టుకొనిరి; ప్రభుత్వము వినలేదు. జనాభిప్రాయమును మన్నించి కౌన్సిలరులు రాజీనామా లిచ్చిరి. అంతట ప్రభుత్వము జీతముపుచ్చుకొను అధికారిని తెచ్చి అధ్యక్షపీఠమున కూర్చుండబెట్టెను. పన్ను కట్టని పండ్రెండుగురికి శిక్షలు పడెను. వారిలో రావూరి అలివేలమ్మ అను స్త్రీయు నుండెను.

ఒక ఊరికి ఇరువురు పెద్దలు! ఒకరు ప్రభుత్వపు ఉత్తరువు వలన వచ్చినవారు. వేరొకరు జనుల నోట వచ్చినవారు. గోపాలకృష్ణయ్యగారికి పదవి లేదు, జీతము లేదు, ముద్రవేసిన కాగితము లేదు. వీథిసభలో ఆయన లేచి నిలువగనే లేచిన జయధ్వానమే ఆయన అధికారపత్రము. ఆంధ్రరత్న మను బిరుదమును సర్కారు ఇచ్చినది గాదు. తెలుగువారు ప్రేమతో పిలిచి పిలిచి స్థిరపరచినది.

1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసెను. ఆయన రెండు త్రోవలు చూపెను: శాంతముగా పన్ను నిరాకరించి ఆ బాధల నోర్చుకొనుట యొకటి, మునిసిపాలిటీ పొలిమేర దాటి ఊరే విడిచిపోవుట రెండవది. గోపాలకృష్ణయ్యగారు రెండవ త్రోవను ప్రజల ముందుంచిరి. ప్రజలు ఔననిరి. ఈ ఔనను మాటలో ఎంత బరువున్నదో పాఠకులు యోచింతురుగాక! తాతలనాటి ఇల్లు, నూయి, పెరటి చెట్టు విడిచి, మగ్గము విప్పుకొని, ముసలివారిని బాలింతలను బండ్ల నెక్కించుకొని, మండువేసవిలో ఇసుకనేలకు పోవలయును. సుమారు పదునైదువేల జనములో పదుమూడు వేలకు పైగా తరలిపోయిరి. అట్టి కార్యము చేతులెత్తి ఊరకుండుటవంటిది గాదు. కాళ్లతో వేసిన ఓటు.

పొలిమేరవతల వెలసిన ఆ తాటాకుగుడిసెల ఊరికి రామనగర మని పేరు పెట్టిరి. పాలనకు ప్రజాప్రతినిధుల సభ, తగవులు తీర్చుటకు పంచాయతీ న్యాయస్థానము, కాపలాకు రామదండు ఏర్పడెను. ఎండకు మాడిరి, వానకు తడిసిరి, జబ్బులు పడిరి. అయినను పదునొకండు నెలలపాటు ఆ ఊరు నిలిచెను.

ఆ నడుమనే గోపాలకృష్ణయ్యగారు బరంపురము వెళ్ళగా, అక్కడ ప్రసంగింపరాదని అధికారులు నిషేధించిరి. ఆయన నిషేధమును లెక్కసేయలేదు. ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపిరి. నాయకుడు దూరమయ్యెను, చేతిలో కాసులు తరిగెను, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట గాంధీజీ సహాయనిరాకరణము నిలిపివేసెను. ప్రజలు ఒక్కరొక్కరుగా పాత ఇండ్లకు మరలి, పన్ను చెల్లింపవలసి వచ్చెను.

ఇది ఓటమియా? పైకి ఓటమియే. మరలివచ్చిన నేతగానిని తప్పుపట్టుట తగదు. పదునొకండు నెలలు బిడ్డలతో ఇసుకలో పడియున్నవానికి మాట తప్పినవాడను పేరు పెట్టువాడెవడు? గోపాలకృష్ణయ్యగారి పద్ధతిలోను ఒక లోపము కనబడుచున్నది. ఉద్యమభారమంతయు ఒక్క మనిషి మాటమీదను, ఉత్సాహముమీదను నిలిచెను. ఆ మనిషిని గోడలవెనుక పెట్టగనే ధైర్యము సడలెను. జయధ్వానముతో వచ్చిన నాయకత్వమునకు ఇదియే బలము, ఇదియే బలహీనత.

విడుదలైన పిదప ఆయన చిత్తరంజనదాసుగారి స్వరాజ్యపక్షమున చేరిరి. కాని జైలు, తిరుగుడు, పేదరికము దేహమును కృశింపజేసెను. క్షయవ్యాధి పట్టుకొనెను. ఒకనాడు వేలగొంతుకలు జయము పలికిన ఆ మహనీయుడు తుదిదినములు దారిద్ర్యములో గడిపి, 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిది సంవత్సరములకే కన్నుమూసెను. బ్రదికియుండగా మందునకు డబ్బులు చాలని ఆయన పేరు నేడు విజయవాడలోని ఆంధ్రరత్నభవనమున వెలుగుచున్నది. జయమని కేకవేసిన ప్రజలు, అలసిపోయిన నాయకుని ఇంట దీపమున్నదో లేదో చూడవలదా? మనలను మనమే అడుగుకొనవలసిన మాట ఇది.

మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఈ జీవితమును స్మరించుట ఉచితము. ఇకముందును సభలు జరుగును, పేర్లు ప్రతిపాదింపబడును, చప్పట్లు మ్రోగును. ఏకగ్రీవముగా ఎన్నుకొనుట ఊరికి అందమే. అయితే చప్పట్లు చరచిన ప్రతి చేయియు మరునాడు చందా కట్టవలయును, అలమార తుడువవలయును, పెద్ద తప్పుచేసిన యెడల వలదని అడ్డుపడవలయును. నోరెత్తని మూలనున్నవాని ఇష్టమును అడిగి తెలిసికొనవలయును. చీరాల పేరాల ప్రజలు తమ కేకకు వెల కట్టి చెల్లించిరి. అందుచేతనే నూరేండ్లు దాటినను ఆ కేక మనకు వినబడుచున్నది.