శామ్యూల్ ప్లిమ్సాల్

విశాఖపట్టణపు రేవులో ఓడలను చూచిన విద్యార్థులు మనలో అనేకులు కలరు. ఓడ ప్రక్కభాగమున, నీటిమట్టమునకు సమీపమున, రంగుతో వేసిన వలయమును వారిలో నెందరు గమనించిరో మే మెరుగము. ఆ వలయమును అడ్డముగా ఛేదించుచు నొక గీత యుండును. సరకు నింపినకొలది ఓడ నీటిలోనికి దిగును. గీత మునుగునంత బరువు వేయరాదు. వలయము ప్రక్కనున్న చిన్నగీతలు వేసవికి, శీతకాలమునకు, ఉష్ణమండల సముద్రములకు, మంచినీటికి వేరువేరు హద్దులను తెలుపును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక, అదే బరువుతో ఓడ నదిలో మరికొంత మునుగును. ఈ గీతకే ప్లిమ్సాల్ గీత యని పేరు.

ప్లిమ్సాల్ నావికుడు కాడు. ఓడల యజమానియు కాడు. ఇతడు 1824లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ పట్టణమున జన్మించెను. షెఫీల్డులో నొక బీరు కార్ఖానాయందు గుమాస్తాగా చేరి మేనేజరయ్యెను. పిదప 1853లో లండనునందు బొగ్గువర్తకము చేయబోయి సర్వము పోగొట్టుకొని, కూలివాండ్రు పండుకొను చౌకబసలలో దినములు గడపవలసివచ్చెను. అచ్చటి బీదలు ఒకరికొకరు చేసికొను సాయమును కన్నులార చూచినందుననే, పిమ్మట ధనము చేకూరి, 1868లో డెర్బీ ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించినను, ఇతడు వారిని మరువలేదని మా యభిప్రాయము.

ఆ కాలమున కొందరు యజమానులు శిథిలమైన ఓడలకు మితిమీరిన బరువు నెత్తి, విలువకు మించిన మొత్తమునకు భీమా చేయించుచుండిరి. ఓడ రేవు చేరినను లాభమే, మునిగినను లాభమే. నష్టమంతయు నావికుల భార్యాబిడ్డలది. ఒప్పందముపై వ్రాలు చేసిన నావికుడు, ఓడ స్థితిని చూచి భయపడి యెక్కనన్నచో, వానిని చెరసాలకు బంపుచుండిరి. ఇట్టి ఓడలను జనులు శవపేటిక లనిరి.

ఎవరును నియమింపకయే ప్లిమ్సాల్ ఈ విచారణకు బూనెను. నావికుల విధవరాండ్ర యిండ్లకు బోయి సంగతులు తెలిసికొని, 1873లో నావికులనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు తొందరపాటు లేకపోలేదు. ఇతనిపై పరువునష్టపు వ్యాజ్యములును వచ్చెను. అయినను ఆ యేడే ప్రభుత్వము విచారణసంఘము నేర్పరచెను.

1875 జూలై 22వ తేదీన, ఓడల చట్టమును ఆ సమావేశమున విరమించుకొనుచున్నామని ప్రధానమంత్రి డిజ్రేలీ తెలిపెను. ప్లిమ్సాల్ కోపము పట్టజాలక, కొందరు సభ్యులను దుర్మార్గులని దూషించి, సభాధ్యక్షునియెదుట పిడికిలి యాడించెను. అది సభామర్యాద కాదు. మే మిట్టి ప్రవర్తనను మెచ్చము. వారము గడచిన పిదప దూషణకు క్షమాపణ చెప్పుకొనెను గాని, తాను చెప్పిన సంగతులను మాత్రము వెనుకకు తీసికొనలేదు. దేశమంతయు నితని పక్షము వహింపగా, ప్రభుత్వము తాత్కాలికముగా నొక చట్టము చేసి, 1876లో పూర్తిచట్టమును తెచ్చెను.

అందును లోప ముండెను. గీత వేయుట విధియయ్యెను గాని, ఎచ్చట వేయవలయునో యజమాని యిష్టమునకు విడువబడెను. ఒకడు దానిని పొగగొట్టముమీద వేసెనని చెప్పుదురు! గీత స్థానమును చట్టము నిర్ణయించునప్పటికి 1890వ సంవత్సరము వచ్చెను. ఈ నడుమ 1880లో ప్లిమ్సాల్ తన స్థానమును వేరొకరికి విడిచెను. 1887లో నావికుల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1898లో ఫోక్‌స్టన్ పట్టణమున మృతి నొందెను. 1929లో నావికులు లండనున థేమ్సు నదీతీరమందు ఇతని స్మారకమును నిలిపిరి. మరుసటియేట పలుదేశములు కలసి ఈ గీతనుగూర్చి యొడంబడిక చేసికొనెను.

ఈ యొడంబడిక విహారనౌకలకు వర్తింపదు. అమెరికాలో తీరరక్షకదళమునకు తోడుగా 1939లో నేర్పడిన స్వచ్ఛందసేవకులు అట్టి నౌకలను పరీక్షించుచున్నారు. యజమాని కోరినప్పుడే వత్తురు, రుసుము పుచ్చుకొనరు. ప్రాణరక్షక కవచములు, దీపములు, నిప్పార్పు సాధనములు సరిగానున్నవో లేదో చూచి, లోప మున్నచో యజమానికే తెలిపి పోవుదురు; జరిమానా విధింపరు.