నేపాళ మాంత్రికుడు

మా కామవరపుకోట మెట్టసీమలోని యూరు. గుంటుపల్లి బౌద్ధగుహలు దానికి అనతిదూరముననే కలవు. మా బాల్యమున ఆ యూర నున్న దూరదర్శన యంత్రములను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఒకనాటి సాయంకాలము హైదరాబాదు కేంద్రమువారు 'పాతాళభైరవి'ని ప్రసారము చేయుదురను వార్త వారము దినములకు ముందే ఊరెల్ల వ్యాపించెను. పొగాకు బేరన్లకడ పనిచేయువారు సైతము ప్రొద్దుగ్రుంకక మునుపే పని ముగించుకొని వచ్చిరి. ఒక మోతుబరి రైతు తన వసారాలో పెట్టె నమర్చి వాకిట చాపలు పరపించెను. ముందువరుస నాక్రమించిన బాలురలో మేము నొకరము.

ఉత్సాహముతోపాటు మాకొక భయమును గలదు. మా మాతామహి మాకు మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలను చదివి వినిపించెడిది. మణిసిద్ధుడు కాశికి పోవుచు, మజిలీ మజిలీకి ఒక వింత కథను గొల్లపిల్లవానికి చెప్పుట ఆ గ్రంథపు మర్యాద. సంపుటములు పండ్రెండు. వానకాలపు రాత్రులు ఆ సంపుటములతోనే గడచెడివి. అందలి మాంత్రికు లందరికిని మేము మనస్సున ఒక్కటే రూపము కల్పించుకొంటిమి. వాడు బక్కపలుచనివాడు, లోతుకన్నులవాడు, తాటిమట్టవలె ఎండిన చేతులవాడు. పాతాళభైరవి కథ యందుండి పుట్టినదే యని పెద్దలు చెప్పగా, పెట్టెలో వచ్చువాడు మావాని వలె ఉండునో ఉండడో యను బెంగ మాకు పట్టుకొన్నది.

తెరపై వచ్చినవాడు ఆజానుబాహుడు. పుష్టిగలవాడు. వెడదమొగము, పెద్దకన్నులు, ఎదుటివానిని ప్రేమించుచున్నట్లే కనిపించు చిరునవ్వు. గడియలో మా బక్కవాడు మాయమయ్యెను. నేటివరకు తిరిగి రాలేదు. మా సొత్తు నట్లు అపహరించిన మహానటుడు సామర్ల వెంకట రంగారావుగారు.

ఆయన 1918 జూలై 3వ తేదీన నూజివీడులో జన్మించెను. 2022 ఏప్రిలులో జిల్లాలు పునర్విభజింపబడి నూజివీడు ఏలూరు జిల్లాలో చేరుటచే, ఆయన పుట్టిన యూరును మా యూరును నేడు ఒక్క జిల్లాలోనివే. తండ్రి కోటేశ్వరరావుగారు ఆబ్కారీ ఉద్యోగి. బాలుడు అవ్వ పెంపకమున మద్రాసున హిందూ ఉన్నతపాఠశాలలో చదివెను. ఏలూరు, విశాఖపట్టణములయందును విద్యాభ్యాసము చేసి, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో విజ్ఞానశాస్త్రమున పట్టము నందెను. కాని విద్యకంటె నాటకమే ఆయనను పట్టుకొన్నది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బను నాటకసమాజము వర్ధిల్లుచుండెను. అంజలీదేవిగారును, ఆదినారాయణరావుగారును అచ్చటివారే. అందులో ఆయన పౌరాణిక, చారిత్రక నాటకములే గాక షేక్స్‌పియరు పాత్రలను సైతము అభ్యసించెను. తెలుగు పద్యనాటకపు రాగాలాపనకు లొంగక, మాటను మాటగా పలుకుట ఆయన కచ్చటనే అలవడెనని మా యూహ.

కడుపునిండుటకు ఉద్యోగము కావలెను గదా! అగ్నిమాపకశాఖలో చేరి బందరు, విజయనగరములలో పనిచేసెను. స్వాతంత్ర్యమునకు కొంచెము ముందు బి. వి. రామానందముగారు తీసిన 'వరూధిని'లో ప్రవరుడయ్యెను. చిత్రము పరాజయము పొందగా మరల ఆయనను పిలిచినవారు లేరు. జంషెడ్‌పూరుకు పోయి టాటావారి కంపెనీలో ఒక చిన్న కొలువు సంపాదించుకొనెను. అచ్చటి తెలుగువారి నాటకములలో వేషము వేయుచు, లెక్కలు వ్రాయుచు, ఆ కొలిమిబట్టీల యూరనే ఆయన జీవితము వెళ్ళిపోవలసినదే. మద్రాసునుండి మరల పిలుపు వచ్చు తరుణమున తండ్రి మరణించెను. కర్మకాండ ముగించుకొని పోవునప్పటికి అనుకొన్న పెద్దవేషము మరియొకరి పాలయ్యెను. చిన్న వేషములతో ఊరకుండవలసి వచ్చెను. 1949లో 'మనదేశం', 1950లో విజయావారి 'షావుకారు'. ఈ తుదిచిత్రమున సున్నపు రంగడను రౌడీ పాత్రను చూచియే కాబోలు, విజయావారు మరు సంవత్సరపు మహాచిత్రమున మాంత్రికుని వేషము ఆయన కిచ్చిరి.

'పాతాళభైరవి' 1951 మార్చిలో విడుదలయ్యెను. కాశీమజిలీ కథాంశమును, అరబ్బుల అల్లావుద్దీను కథను కలిపి పింగళి నాగేంద్రరావుగారు అల్లినది. కె. వి. రెడ్డిగారి దర్శకత్వము, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణము. 1952లో భారతదేశమున జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునను అది ప్రదర్శింపబడెను. తోటమాలి కొడుకైన రాముడు రాజకుమారిని కోరును. ఆమెను పొందుటకు ధనము కావలెను. సాహసియగు యువకుని బలియిచ్చిన కాని తన దేవత ప్రసన్నురాలు కాదని తెలిసిన మాంత్రికుడు వానిని ముద్దుమాటలతో కొండగుహకు తోడ్కొని పోవును. ఈ కథలో నాయకుడు రామారావుగారు, సందేహము లేదు. అయినను చిత్రము చూచి వచ్చిన పిల్లవాడు ఇంట ఎవ్వరిని అనుకరించునో గమనింపుడు. మాంత్రికుని నడకనే, వాని నవ్వునే, వాని పిలుపులనే.

ఇట్లేల జరిగినది? రంగారావుగారు దుష్టుని భయంకరునిగా చూపలేదు. గర్జింపలేదు. తన తెలివికి తానే మురిసిపోవు పండితునివలె, బలిపశువును బుజ్జగించు మేనమామవలె నటించెను. దుష్టత్వము మర్యాదగా మాటలాడినపుడే మనము దానివెంట గుహలోనికి పోవుదుము. కరకుమీసముల వానివెంట ఎవడు పోవును? సర్వశక్తులు గడ్డమున దాచుకొన్నవాడు తుదకు దానినే గొరిగించుకొనునట్లు మోసపోవునపుడు, ప్రేక్షకుడు నవ్వుచునే లోపల కొంచెము జాలిపడును. ఆ జాలి గ్రంథములో లేదు. నటుడు తెచ్చి పెట్టినది.

తరువాతి కథ లోకమునకు తెలిసినదే గాన త్వరగా చెప్పుదుము. 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడు. వ్యాసభారతమున శశిరేఖ లేదు, ఆమె పెండ్లియు లేదు. అయినను ఆ చిత్రము చూచినవాడు అది భారతములోనిది కాదనిన నమ్మడు. మాయాశశిరేఖగా సావిత్రిగారు రంగారావుగారి భంగిమలనే తన సుకుమార దేహమున నింపుకొని నటించిన ఘట్టము మా దృష్టిలో ఇరువురికిని సమానముగా చెందవలసినది. 1963లో 'నర్తనశాల' కీచకుడు. ఆ పాత్రకు జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము. 1967లో 'భక్తప్రహ్లాద' హిరణ్యకశిపుడు. తానుగా దర్శకత్వము వహించిన 'చదరంగం', 'బాంధవ్యాలు' నంది పురస్కారముల నందినవి.

ఒక్క చిత్రముకడ మాత్రము నిలువవలెను. ఆంగ్లనవలాకర్త్రి జార్జి ఎలియట్ వ్రాసిన 'సైలస్ మార్నర్'ను పాలగుమ్మి పద్మరాజుగారు తెలుగునేలకు తెచ్చి వ్రాయగా, బి. ఎన్. రెడ్డిగారు 1955లో 'బంగారుపాప'గా తీసిరి. లోకముపై కసితో బ్రదుకు కోటయ్య ఒక అనాథశిశువు చేతబడి మనుష్యుడగును. మేము కళాశాలలో మూలమును చదివి, రక్షింపబడినదా చెడినదా యని కత్తి నూరుకొని కూర్చుండి ఆ చిత్రమును చూచితిమి. రంగారావుగారు పాపను ఎత్తుకొన్న తీరు చూచిన పిదప కత్తి ఒరలో పెట్టవలసి వచ్చెను. ఆంగ్లపల్లెలోని సాలెవాడు మా మనస్సునుండి అప్పుడును మాయమయ్యెను. మాంత్రికుని విషయమున మాకు కలిగిన నష్టము రెండవసారియు కలిగినది. కాని ఈమారు మేము ఫిర్యాదు చేయలేదు.

1974 జూలై 18వ తేదీన, ఏబదియారేండ్ల ప్రాయమున, మద్రాసులో ఆయన హృద్రోగమున మరణించెను. తాడేపల్లిగూడెమున ఆయన కాంస్యవిగ్రహము 2019 అక్టోబరులో వెలసినది, చిరంజీవిగారిచే ఆవిష్కృతమై. నలుబదియైదేండ్లు ఆలస్యము. పరరాజ్యము ఉత్తమనటుడని గౌరవించినవానికి స్వదేశీయులు కంచుబొమ్మ నెత్తుటకు ఇంతకాలమేల పట్టినదో చెప్పవలసినవారు చెప్పరు.

మా కామవరపుకోట వాకిటికి మరల పోదము. ఆనాడు తెరపై మాంత్రికుని రూపము మాకు క్రొత్తది. కాని వాడు నోరు తెరువగనే ఆ కంఠము మేమెరిగినదిగా తోచినది. పదమును సాగదీసి, తుదిని కొరికినట్లు విడుచు ఆ పలుకుబడి ఎచ్చటనో వింటిమి. ఎచ్చట? తెల్లవారి మాతామహి నడిగితిమి. ఆమె నవ్వి, 1951లో ఏలూరు పోయి ఆ చిత్రమును రెండుమార్లు చూచి వచ్చితినని చెప్పినది. దీక్షితకవిగారి మాంత్రికులందరు ఆ నాటినుండియు ఆమె నోట రంగారావుగారి గొంతుతోనే మాటలాడుచుండిరి! మేము మాదే యనుకొన్న బక్కవాడు మాకు తెలియకుండనే అద్దెగొంతుతో బ్రదికెను.

ఇటీవల మా ఇంటి పిల్లలకు ఆ పాతసంపుటము తీసి చదువుచున్నాము. చిత్రమును ఇంకను చూపలేదు. ముందు తమ మాంత్రికుని తాము కట్టుకొందురుగాక యని. మొన్నరాత్రి చదువుచుండగా చిన్నది నడుమ ఆపి, మాంత్రికులందరు ఇట్లే సాగదీసి మాటలాడుదురా యని అడిగెను. ఔననియే చెప్పితిమి.