హైమన్‌డార్ఫ్ జీవితం

హైమన్‌డార్ఫ్ 1909లో యూరప్‌లోని వియన్నా నగరంలో పుట్టారు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంను పోలీసులు చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకొమ్మని నిజాం సర్కారు ఆయనకు చెప్పింది. ఆయన బంగళాల ఉండలేదు. భార్య బెట్టీతో గోదావరి అవతల, జైనూర్ దగ్గరి మార్లవాయిలో గుడిసెల ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. ఊరూరు తిరిగి అడిగారు. భూములు పోవడమే అసలు బాధ అని సర్కారుకు తెలిపారు. తర్వాత చాలామందికి పట్టాలు వచ్చినయి. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది.

1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయారు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టారు.

మా ఇంట్ల బడికి వచ్చింది నేనే మొదలు. హాస్టల్‌లో గోండి మాట్లాడాలంటే సిగ్గుపడేదాన్ని. అంత దూరం నుంచి వచ్చినాయన నేర్చుకున్న మాట నాది. ఇప్పుడు సిగ్గు లేదు.