తాటిచెట్ల వైద్యుడు

బందరునుండి గుడివాడకు పోవు మార్గమున గాని, పులిగడ్డ వద్ద కృష్ణపాయను దాటి దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములకు పోవునపుడు గాని, పొలముగట్లపై బారులు తీరిన తాటిచెట్లు మనకు కనబడును. తాటినీడ పలుచన, కావున ప్రక్కనున్న వరిచేనికి చెరుపు లేదు. కమ్మలు ఇంటికప్పునకు, మ్రాను దూలములకు పనికివచ్చును. వేసవిలో ముంజెలు, చలికాలమున తేగలు మీరెల్లరు ఎరిగినవే. కొల్లేటి లంకలవారు తాటిమ్రానును తొలిచి దోనెలు చేసికొనెడివారు. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్నదియు తాటాకులమీదనే.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఈ చెట్లకు గొప్ప ఆపద వచ్చెను. గోదావరి డెల్టాలో బయలుదేరిన ఒక తెగులు క్రమముగ కృష్ణా మండలమునకును ప్రాకెను. మొదట చెట్టుతలపై నడుమనున్న లేతయాకు వెలవెలబోయి వాలిపోవును. పిదప దాని చుట్టునున్నవి వాడును. తుదకు తల కుళ్ళి రాలిపోయి మోడు మాత్రము నిలుచును. కొమ్మ విరిగిన వేపచెట్టు వేరొక కొమ్మను వేయును. తాటికి మొవ్వు ఒక్కటే. అది పోయిన మరల చిగురు లేదు. ఏండ్ల తరబడి పెంచిన చెట్లు ఇట్లు వరుసగ చచ్చుచుండగా రైతులకు ఏమియు తోచలేదు.

ఈ తెగులు గుట్టు కనిపెట్టిన పండితుడు ఎడ్విన్ జాన్ బట్లరు. ఇతడు ఐర్లండు దేశమున క్లేర్ మండలములోని కిల్కీ యను సముద్రతీర గ్రామమున 1874 ఆగస్టు 13వ తేదీన జన్మించెను. అంతకు సుమారు ముప్పది యేండ్ల పూర్వము, 1845లో, ఆ దేశమున బంగాళాదుంప పైరును ఒక బూజుతెగులు నాశనము చేసెను. ఆ కఱవులో పది లక్షలమంది మరణించిరి. మొక్కకు వచ్చిన జబ్బు మనుష్యుని ఎంత దూరము తరుమగలదో ఐర్లండు వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

బట్లరు కార్కు నగరమందలి క్వీన్సు కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి 1898లో పట్టము పొందెను. అట్టివాడు మొక్కల వైద్యమునకు మరలుటకు కారణము అచటి ఆచార్యుడు మార్కస్ హార్టాగు. నీటిలో పెరుగు బూజులయందు ఆ గురువునకు గల ఆసక్తి శిష్యునకును అబ్బెను. బట్లరు 1901లో మన దేశమునకు వచ్చి, 1905 నుండి బీహారులోని పూసా పరిశోధనాలయమున ప్రభుత్వ శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున శిలీంధ్రమనగానే పిల్లలు వాన వెలిసిన పిదప లేచు పుట్టగొడుగునే తలచెడివారు. బట్లరు వెదకిన జీవి అట్లు కంటికి కనబడునది కాదు. చెట్టుతలపై మట్టల మొదళ్ళు ఒకదానినొకటి పొదువుకొని యుండును. ఆ జీవి వెలుపలి మట్టపై మచ్చగా మొదలై, ఒక్కొక్క పొరను తొలుచుకొని లోపలి మొవ్వును చేరును. లేతయాకు వాలునప్పటికే లోపల కార్యము ముగిసియుండును. వానకాలపు తేమలో దాని వ్యాప్తి అధికము. 1907లో బట్లరు దీనికి పైతియం పామివోరం అని పేరిడెను. పామివోరం అనగా తాళవృక్షములను తినునది అని అర్థము. 1919లో తానే దానిని ఫైటాఫ్తొరా యను ప్రజాతికి మార్చెను. ఐర్లండులో బంగాళాదుంపను చంపినదియు ఆ ప్రజాతిలోనిదే! నేటి శాస్త్రజ్ఞులు వీనిని నిజమైన శిలీంధ్రములలో చేర్చక, సముద్రమందలి గోధుమవన్నె నాచులకు చుట్టములుగ నెంచుచున్నారు.

రోగము తెలిసెను, మందేది? మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును మొవ్వుచుట్టు పూయవచ్చును. కాని గట్టుగట్టున నున్న తాళ్ళన్నిటికి పూయుట ఎవరి తరము? కావున తెగులు సోకిన చెట్టుతలను నరికి కాల్చివేయుటయే ముఖ్యమైన ఉపాయమయ్యెను. చెప్పుట సులభమే. ఇంకను నాలుగు కమ్మలు పచ్చగనున్న చెట్టును నరకుటకు ఏ రైతునకు చేయి వచ్చును? ఒకడు నరికి, పొరుగువాడు ఊరకున్నచో నరికినవాని శ్రమ వ్యర్థము. ఇది ఊరంతయు కూడి చేయవలసిన పని. పైగా, మోకు కట్టుకొని చెట్టెక్కువాడు లేనిదే పండితుని సూక్ష్మదర్శిని యేమి చేయగలదు? పైనున్న మచ్చను ముందుగ చూడగలవాడు అతడే. ఆతని పేరు ఏ శాస్త్రగ్రంథమునను కానరాదు. ఇది నాకు వెలితిగనే తోచును.

మద్రాసు ప్రభుత్వము గోదావరి, కృష్ణా మండలములలో ఈ పనికై ప్రత్యేకముగ మనుష్యులను నియమించెను. తరువాత విలియం మెక్రే యను శాస్త్రజ్ఞుడు దానిని కొనసాగించెను. తెగులు నిర్మూలము కాలేదు గాని, తాటివనములును నిర్మూలము కాలేదు. మొవ్వుకుళ్ళు నేటికిని కొబ్బరి, తాటి చెట్లలో కనబడుచునే యున్నది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినపుడు చెట్లను కౌగిలించుకొని ప్రాణములు దక్కించుకొన్నవారు కలరు.

బట్లరు గోధుమ, చెఱకు మున్నగు పైరుల తెగుళ్ళను కూడ పరిశోధించి, 1918లో మొక్కల శిలీంధ్రరోగములపై పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1920 నుండి 1935 వరకు ఇంగ్లండులోని క్యూ యందు శిలీంధ్రశాస్త్ర కేంద్రమునకు మొదటి అధిపతిగా నుండెను. 1931లో బిస్బీ యను పండితునితో కలిసి భారతదేశపు శిలీంధ్రముల పట్టికను వెలువరించెను. 1939లో సర్ బిరుదము నొంది, 1943 ఏప్రిల్ 4న మరణించెను. పూసాలో ఆతడు పెంపొందించిన శిలీంధ్ర సంగ్రహము ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో భద్రముగ నున్నది.