మేరియా మాంటిస్సోరి

పసిబిడ్డ తన చేతికి ఏది దొరకినను పట్టి చూచును, త్రిప్పి చూచును, నేలపై కొట్టి దాని చప్పుడు వినును. పెద్దలు దానిని అల్లరి యందురు. ఆ అల్లరిలోనే చదువు దాగియున్నదని గుర్తించి, పసివారి ఆటను శాస్త్రదృష్టితో పరిశీలించి, వారికొఱకు క్రొత్త పరికరములను కల్పించిన విదుషీమణి డాక్టరు మేరియా మాంటిస్సోరి. ఆమె పుట్టినది ఇటలీ దేశమున. కాని తన ముదిమిలో ఏడేండ్లకు దగ్గఱగా మన దేశమునందు నివసించి, ఇచ్చటి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను.

మేరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన కియరవల్లె అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె విద్యావతి; గ్రంథపఠనమున మిక్కిలి ఆసక్తి గలది. మేరియా బాల్యముననే ఆ కుటుంబము రోము నగరమునకు చేరెను. ఆ కాలమున చదువుకొన్న ఆడపిల్లకు తగిన వృత్తి ఉపాధ్యాయ వృత్తి యొక్కటే యని లోకుల తలంపు. తలిదండ్రులును అట్లే సూచించిరి. మేరియా అందులకు ఎంతమాత్రమును అంగీకరింపలేదు. పదుమూడవ ఏట మగపిల్లలు చదువు సాంకేతిక పాఠశాలలో చేరి గణితము నభ్యసించెను. పిమ్మట వైద్యురాలు కావలెనని నిశ్చయించుకొనెను. తండ్రికి ఈ నిర్ణయము నచ్చలేదు. తల్లి మాత్రము కుమార్తెకు అండగా నిలిచెను.

వైద్య విద్యాలయమున ఆమె పడిన యిక్కట్లు పెక్కు. పురుష విద్యార్థులతో కలసి శవపరీక్ష చేయుట స్త్రీకి తగదని పెద్దలు తలంచుటచే, అందఱును వెడలిపోయిన పిదప ఆమె ఒంటరిగా ఆ గదిలో కూర్చుండి పాఠము నేర్చుకొనవలసి వచ్చెను. అయినను వెనుదీయక 1896లో పట్టము పుచ్చుకొనెను. ఇటలీలో వైద్యపట్టము నందిన మొదటి కొలదిమంది స్త్రీలలో ఆమె యొకతె.

వైద్యురాలైన తరువాత ఆమె రోములోని మానసిక చికిత్సాలయములకు పోవుచుండెను. బుద్ధివికాసమున వెనుకబడిన పిల్లలను ఆ దినములలో పిచ్చివారితోపాటు బంధించి యుంచెడివారు. ఒకచోట అట్టి పిల్లలు భోజనమైన వెంటనే నేలపై బడిన రొట్టె తునుకలకై ప్రాకులాడుచుండిరి. అక్కడి పరిచారిక అది తిండిపోతుతనమని ఏవగించుకొనెను. మేరియా ఆ గదిని నలుదిక్కుల కలయజూచెను. అందు ఒక్క బొమ్మయైనను లేదు. పిల్లలు చేతబట్టి చూచుటకు ఏ వస్తువును లేదు. రొట్టె తునుకల కొఱకు వారిని పురికొల్పినది ఆకలి గాదనియు, ఆ చేతులకు పని లేకపోవుటయే అందులకు కారణమనియు ఆమెకు తోచెను. ఆమె జీవితమును మలుపు త్రిప్పిన తలంపు ఇదియే.

ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యులు అంతకు పూర్వమే ఇట్టి పిల్లలకు బోధించు మార్గములను గూర్చి వ్రాసియుండిరి. మేరియా ఆ గ్రంథములను శ్రద్ధతో చదివి, పరికరములను చేయించి, ఆ పిల్లలకు ఓర్పుతో నేర్పెను. వారిలో కొందఱు ఇతర బాలురతోపాటు పరీక్షలలో నెగ్గిరి. లోకము ఆమెను ప్రశంసించినది. ఆమె మనస్సును మాత్రము వేఱొక ప్రశ్న కలచివేసెను. వెనుకబడిన పిల్లలు ఇంత సాధింపగా, ఏ లోపమును లేని పిల్లలు పాఠశాలలలో ఇంతకు మించి ఏల సాధింపలేకున్నారు?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకు అవకాశము 1907లో కలిగెను. రోములో సాన్ లొరెంజో అనునది కడు బీదల పేట. తలిదండ్రులు కూలికి పోగా పిల్లలు మెట్లపై తిరుగుచు, గోడలు పాడుచేయుచుండిరి. ఆ భవనముల యజమానులు పిల్లలను ఒకచోట చేర్చి కనిపెట్టుకొని యుండుమని మేరియాను కోరిరి. ఆ యేడు జనవరి 6వ తేదీన సుమారు 50 మంది పిల్లలతో బాలగృహము తెఱవబడెను.

ఆ గృహమునకు కొందఱు ధనికులు విలువైన బొమ్మలను కానుకగా నిచ్చిరి. మేరియా తాను చేయించిన పరికరములను కూడ అందుంచెను. పిల్లలు బొమ్మలను కొంతసేపు చూచి ప్రక్కన బెట్టిరి. పరికరముల యొద్దకే మరల మరల పోవుచుండిరి. ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె, కొయ్యదిమ్మెలోని గుంటలలో వేఱువేఱు పరిమాణములు గల పది కట్టెబిళ్ళలను అమర్చుచుండెను. మేరియా ఇతర బాలలను పాటలు పాడుమనెను. ఆ బాలిక తలయెత్తలేదు. కుర్చీతోపాటు ఆమెను ఎత్తి బల్లపై నుంచినను, బిళ్ళలను ఒడిలోనికి తీసికొని పని కొనసాగించెను. ఇట్లు నలువదిమారులకు పైగా చేసి, తనంతట తాను నిలిపి, హాయిగా నిద్రించి లేచిన దానివలె చిఱునవ్వు నవ్వెను. పసివారికి ఏకాగ్రత లేదను పెద్దల మాట పొల్లని మేరియా ఆనాడు తెలిసికొనెను.

ఆమె కల్పించిన పరికరములు చూచుటకు సామాన్యములు. ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున పెరుగుచు పోవు పది గులాబిరంగు దిమ్మెలు కలవు. వానిని పెద్దదానిపై చిన్నదానిని పేర్చినచో గోపురమగును. పది సెంటీమీటర్లు మొదలు మీటరు వఱకు పొడవుగల పది ఎఱ్ఱని కఱ్ఱలు కలవు. గుండీలు పెట్టుట, ముడులు వేయుట నేర్పు గుడ్డల చట్రములు కలవు. గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను పిల్లలు వ్రేళ్లతో తడవి, వాని రూపమును చేతికి అలవాటు చేసికొందురు. ఇట్లు నాలుగైదేండ్ల పిల్లలు తమంతట తామే వ్రాయ మొదలిడిరి. ఈ పరికరములలోని గొప్ప గుణమొకటి కలదు: పిల్లవాడు తప్పు చేసినచో ఆ వస్తువే తెలియజేయును. చిన్న బిళ్ళను పెద్ద గుంటలో నుంచినచో కడపట ఒక బిళ్ళ మిగిలిపోవును. గురువు కోపింపనక్కఱలేదు, పిల్లవాడే దిద్దుకొనును.

ఈ పద్ధతి కొలదికాలముననే దేశదేశములకు వ్యాపించెను. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి ఆమె మార్గమును అనుసరించెను. గాంధీమహాత్ముడు 1931లో లండనులో ఆమెను కలిసికొనెను. ఇటలీ నియంత ముసోలినీ మొదట ఆమెను ఆదరించినను, పిల్లలు స్వేచ్ఛగా ఆలోచించుట నియంతృత్వమునకు సరిపడలేదు. 1934లో ఇటలీలో ఆమె పాఠశాలలు మూతబడెను. ఆమె స్పెయిను చేరగా 1936లో అచ్చట అంతర్యుద్ధము చెలరేగెను. అక్కడినుండి హాలెండునకు తరలెను.

అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై 1939 చివర, అఱువదితొమ్మిదవ ఏట, కుమారుడు మారియోతో మేరియా మద్రాసునకు వచ్చెను. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. దేశపు నలుమూలలనుండి 300 మంది ఆమె యొద్ద శిక్షణకు చేరిరి. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా, తల్లీకొడుకులు శత్రుదేశీయులుగా పరిగణింపబడిరి. మారియోను నిర్బంధించిరి, ఆమెను అడయారు విడిచి పోరాదనిరి. పరాయిదేశమున ఆమెకు తోడైన కొడుకు దూరమయ్యెను. ఆగస్టు 31వ తేదీన, ఆమె డెబ్బదవ జన్మదినమున, ప్రభుత్వము మారియోను విడుదల చేసి తల్లి యొద్దకు పంపెను. అటుపిమ్మట ఆమె కొడైకెనాలులోను, అహమ్మదాబాదు మున్నగు చోటులందును బోధించుచు, 1946 వఱకు ఇచ్చటనే యుండెను. యుద్ధములను మాన్పవలెనన్నచో పసివారి పెంపకమునుండియే ఆరంభింపవలెనని ఆమె నమ్మెను. 1952 మే 6వ తేదీన హాలెండులోని నోర్డ్‌వైక్ గ్రామమున తన యెనుబదియొకటవ యేట కన్నుమూసెను.

ఆమె బోధ ధనికుల పిల్లలకు మాత్రమే యనుకొనుట పొరపాటు. అది పుట్టినదే బీదల పేటలో. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ వంటి అడవిసీమ పల్లెలో వెదురునకు కొఱత లేదు. ఒక వెదురును పది కొలతలలో కోసి, మొనలు నునుపు చేసినచో పొడవు పొట్టి నేర్పు కఱ్ఱలగును. మూతగల డబ్బాలను రెండేసి చొప్పున తీసికొని, ఒక జతలో ఇసుక, ఒక జతలో చింతగింజలు, ఒక జతలో గులకఱాళ్లు పోసి మూసినచో, చెవితో జతలను కనిపెట్టు ఆట యగును. గింజలు మ్రింగు వయసు పిల్లలున్నచోట మూతలను గట్టిగా బిగింపవలెను. నూలు, ఉన్ని, పట్టు గుడ్డల తునుకలను కన్నులు మూసికొని తాకి గుర్తించుటయు ఇట్టిదే. 1975 నుండి మన దేశమున నడచుచున్న అంగన్‌వాడీలలోని పిల్లలకు ఇట్టి వస్తువులను చేసి యిచ్చుట ఎనిమిదవ తరగతి బాలబాలికలకు అసాధ్యము గాదు.

వస్తువు నిచ్చిన పిదప మనము చేయవలసిన పని యింకొకటి మిగిలియున్నది. అది ప్రక్కకు తొలగి, నోరు మెదపక చూచుట. పసివాడు తడబడినప్పుడు చేయి చాచి దిద్దుట సులభము. వాడు తానై దిద్దుకొనువఱకు వేచియుండుట కష్టము. మేరియా మాంటిస్సోరి తన జీవితమంతయు లోకమునకు నేర్పజూచినది ఆ ఓర్పునే.